కుట్ర కేసులో ఏది నేరం, ఏది కాదు

సంపాదకులు గారికి,

నమస్కారం. ఉమ్మడి నల్లగొండ జిల్లా కోర్టులలో బెంచ్ క్లర్కుగా పనిచేసి పదవీ విరమణ పొందినవాణ్ణి. మీ పత్రిక జిల్లా పేజీలలో భూతగాదాలు, హత్యలు, దొంగ రిజిస్ట్రేషన్లు, ఖాతాల మోసాల వార్తల చివర 'కుట్ర సెక్షన్ కింద కూడా కేసు నమోదు చేశారు' అనే వాక్యం తరచుగా కనిపిస్తున్నది. ఆ సెక్షన్ చేరితే ఏమవుతుందో, దానిని నిరూపించడానికి ఏమి కావాలో మాత్రం ఆ వార్తలలో ఉండదు. ఫలితంగా మన పల్లెలలో రెండు అపోహలు పక్కపక్కనే బతుకుతున్నాయి. గొడవ జరిగిన పూట తాను ఊళ్లోనే లేడు కనుక తనకేమీ కాదని డబ్బు సర్దినవాడు అనుకుంటాడు. నిందితుడికి తమ్ముణ్ణి కావడం వల్ల పేరు రాశారు కనుక ఇక జైలు తప్పదని ఏ పాపమూ తెలియనివాడు భూమి అమ్మి వకీళ్ల చుట్టూ తిరుగుతాడు. ఇద్దరి లెక్కా తప్పే. అది ఎందుకు తప్పో వివరించడానికే ఈ లేఖ.

2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో నేరపూరిత కుట్ర 61వ సెక్షన్. అంతకు ముందు జరిగిన సంఘటనలకు పాత శిక్షాస్మృతి (ఐపీసీ)లోని 120-ఎ, 120-బి సెక్షన్లే వర్తిస్తాయి కనుక, ఇంకా కొన్నేళ్లపాటు మన కోర్టు హాళ్లలో రెండు పేర్లూ వినిపిస్తాయి. సారం మాత్రం మారలేదు. ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమంది ఒక చట్టవిరుద్ధమైన పని చేయడానికో, చట్టబద్ధమైన పనినే చట్టవిరుద్ధమైన మార్గంలో చేయడానికో ఒప్పందానికి వస్తే అదే కుట్ర. అనుకున్న పని నేరమైతే ఆ ఒప్పందం కుదిరిన క్షణానికే కుట్ర నేరం పూర్తయినట్టు. కత్తి కొననక్కరలేదు, బండి కదలనక్కరలేదు. అనుకున్నది నేరం కాక, కేవలం సివిల్ దావాకు దారితీసే తప్పు మాత్రమే అయితే, ఒప్పందంతోపాటు వారిలో ఒకరైనా దానిని నెరవేర్చే దిశగా ఏదో ఒక పని చేసి ఉండాలి. ఈ రెండో షరతును మన దగ్గర ఎవరూ పట్టించుకోరు. ఒకరితో కుదుర్చుకున్న కౌలు మాటను తప్పించాలని ఇద్దరు హోటల్లో కూర్చొని అనుకున్నంత మాత్రాన, ఆ తర్వాత ఎవరూ ఏమీ చేయకపోతే, వారి మీద కుట్ర కేసు నిలవదు.

ఈ సెక్షన్ 1860 నాటి శిక్షాస్మృతి మొదటి రూపంలో లేదు. అప్పటికి సాధారణ నేరాలలో కుట్ర అన్నది ప్రేరేపణలో ఒక రకం మాత్రమే, దానికి ఒప్పందంతోపాటు ఏదో ఒక చర్య జరిగి తీరాలి. 1912 డిసెంబరులో ఢిల్లీలో వైస్రాయి హార్డింజి మీద బాంబు పడిన కొద్ది నెలలకే, 1913లో, ఆంగ్ల ప్రభుత్వం ఒప్పందాన్నే విడి నేరంగా చేసే సవరణను తెచ్చింది. ఆ తర్వాతి చరిత్ర మనకు తెలిసిందే. లాహోరు కుట్ర కేసు, మీరట్ కుట్ర కేసు అన్న పేర్లతోనే ఒక తరం స్వాతంత్ర్యోద్యమాన్ని గుర్తుపెట్టుకున్నది. స్వాతంత్ర్యం వచ్చాక తెలుగునేల మీద కూడా నక్సలైట్లు, విప్లవ రచయితల మీద పార్వతీపురం కుట్ర కేసు, సికింద్రాబాద్ కుట్ర కేసు నడిచాయి. 1974లో పెట్టిన సికింద్రాబాద్ కేసు 1989లో కొట్టివేతకు వచ్చేసరికి నిందితులు పదిహేనేళ్లు వాయిదాలకు తిరిగారు. ప్రభుత్వం చేతిలో ఈ సెక్షన్ ఎంత దూరం సాగగలదో చెప్పడానికి ఇంతకంటే వేరే ఉదాహరణ అవసరం లేదనుకుంటాను. అలాగని సెక్షన్‌నే ఎత్తివేయాలని నేను అనను. చేతికి మట్టి అంటకుండా మనుషులను చంపించేవారిని పట్టుకోవడానికి వేరే దారి తక్కువ.

అందుకు మన జిల్లాలోనే సాక్ష్యం ఉన్నది. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో ఒక ఆసుపత్రి బయట పట్టపగలు జరిగిన కులదురహంకార హత్యను రాష్ట్రమంతా చూసింది. అందులో నల్లగొండ ప్రత్యేక కోర్టు 2025 మార్చి 10న తీర్పు చెబుతూ, దాడి చేసిన వ్యక్తికి మరణశిక్ష, మిగిలిన ఆరుగురికి యావజ్జీవ కారాగారం విధించింది. మొదటి నిందితుడు విచారణ దశలోనే, 2020లో, మరణించాడు. యావజ్జీవం పడిన ఆరుగురూ కత్తి పట్టినవారు కారు. మరణశిక్షకు హైకోర్టు ధ్రువీకరణ ఎలాగూ తప్పనిసరి, అప్పీళ్ల సంగతి పై కోర్టులు చూసుకుంటాయి. నేను చెప్పదలచిన విషయం వేరు. డబ్బు మాట్లాడినవారు, మనిషిని కుదిర్చినవారు, కబురు మోసినవారు ఒక గొలుసుగా ఉన్నప్పుడు, మొదటివాడికి చివరివాడి ముఖం తెలియకపోయినా ఫరవాలేదు. ఉమ్మడి ఉద్దేశం తెలిసి, దానిలో తన వంతు పనికి ఒప్పుకొని ఉంటే చాలునన్నది ఎప్పటినుంచో స్థిరపడిన సూత్రం. 'నేను సుపారీ మాట్లాడిపెట్టాను, అంతే' అని కచ్చీరు దగ్గర చెప్పుకొనే మాట రక్షణ కాదు సరికదా, అదే నేరాంగీకారం.

ఇప్పుడు రెండో వైపు. తెలిసి ఉండటం వేరు, ఒప్పుకొని ఉండటం వేరు. కుట్ర కేసుల బరువంతా ఈ తేడా మీదనే నిలబడుతుంది. అన్న ఏదో తలపెడుతున్నాడని వదినకు తెలిసి ఉండవచ్చు, పక్కింటివాడు విని ఉండవచ్చు, మందు తాగుతూ చెబితే స్నేహితుడు నవ్వి ఊరుకొని ఉండవచ్చు. నైతికంగా వారిని ఏమైనా అనండి, అంతమాత్రాన వారు కుట్రదారులు కారు. నేరం జరిగిపోయాక సాయపడినవారి సంగతీ అంతే. రాజీవ్ గాంధీ హత్య కేసులో ప్రత్యేక కోర్టు 1998లో 26 మందికీ మరణశిక్ష వేసింది. సుప్రీంకోర్టు 1999 మే 11న వారిలో నలుగురికి మాత్రమే దానిని ఖాయం చేసి, ముగ్గురికి యావజ్జీవంగా మార్చి, మిగిలిన 19 మందిని హత్య కుట్ర నేరం నుంచి తప్పించింది. ఆ పంతొమ్మిది మందిలో కొందరు హంతకులకు తలదాచుకోవడానికి చోటిచ్చినవారు, కొందరు చిన్న చిన్న సాయాలు చేసినవారు. ఆశ్రయం ఇవ్వడం వేరే నేరం, దానికి వేరే శిక్ష ఉన్నది. కాని హత్య జరిగాక చేసిన సాయాన్ని వెనక్కి జరిపి హత్యకు ముందరి ఒప్పందంగా చూపడం కుదరదని కోర్టు తేల్చింది. అంతకు ముందు 1988లో ఇందిరా గాంధీ హత్య కేసులోనూ అదే కోర్టు, కింది రెండు కోర్టులు మరణశిక్ష వేసిన ముగ్గురిలో ఒకరిని సాక్ష్యం చాలదని పూర్తిగా విడిచిపెట్టింది. దేశాన్ని కుదిపిన కేసులలోనే అంత జాగ్రత్తగా వడపోసినప్పుడు, పాలోళ్ల మధ్య గట్టు తగాదాలో ఇంటిల్లిపాదినీ ఎ-1 నుంచి ఎ-9 దాకా వరుసగా రాసే ఫిర్యాదును అంత తేలికగా నమ్మవలసిన అవసరం ఎవరికీ లేదు.

ఒప్పందం కాగితం మీద ఉండదు. నాలుగు గోడల మధ్య జరిగినదానికి ప్రత్యక్ష సాక్షి దొరకడం అరుదు కనుక కోర్టులు పరిస్థితులను చూసి ఊహించవలసి వస్తుంది. డబ్బు ఎప్పుడు ఎవరి ఖాతా నుంచి కదిలింది, ఎవరు ఎవరితో ఏ గంటలో మాట్లాడారు, బండి ఎవరిది, సిమ్ ఎవరి ఆధార్ మీద తీశారు, ఇవన్నీ కలిసి ఒకే వైపు చూపాలి. కాల్ డేటా గురించి ఒక మాట విడిగా చెప్పాలి. ఇద్దరు మాట్లాడుకున్నారని అది చెబుతుందే కాని, ఏమి మాట్లాడుకున్నారో చెప్పదు. సొంత అన్నదమ్ములు రోజూ నాలుగుసార్లు ఫోన్ చేసుకుంటే అందులో వింత లేదు. ఎన్నడూ మాట్లాడుకోని ఇద్దరు హత్యకు ముందు రోజు రాత్రి పదిసార్లు మాట్లాడుకొని, మరునాటి నుంచి మళ్లీ మానేస్తే అది వేరే కథ. పైగా ఆ వివరాలకు, పాత సాక్ష్య చట్టం స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేయకపోతే కోర్టులో వాటికి విలువ ఉండదు. ఈ ఒక్క కాగితం లేక వెనక్కి వెళ్లిన రికార్డులను నా ఉద్యోగంలో చూశాను.

ఇక్కడే మీ విలేకరులకు నేరుగా సంబంధించిన సంగతి ఉన్నది. 'పోలీసుల విచారణలో నిందితులు నేరం అంగీకరించారు' అన్న వాక్యం ప్రతి ప్రెస్‌మీట్ వార్తలోనూ వస్తుంది. పోలీసు అధికారికి ఇచ్చిన ఒప్పుకోలును నిందితుడికి వ్యతిరేకంగా రుజువు చేయడానికి వీల్లేదని భారతీయ సాక్ష్య అధినియమం 23వ సెక్షన్ చెబుతున్నది. పాత చట్టంలో 1872 నుంచీ ఉన్న నియమమే అది. ఆ ఒప్పుకోలు వల్ల కత్తో, నగదో దొరికితే, ఆ దొరకడానికి సంబంధించిన ముక్క వరకే పనికివస్తుంది. కుట్ర కేసులలో ఒక మినహాయింపు ఉన్నదనీ, ఒకరి మాట మిగిలినవారి మీద సాక్ష్యమవుతుందనీ కొందరు అంటారు. అది ఆ అధినియమంలోనే 8వ సెక్షన్, పాత చట్టంలో 10వ సెక్షన్. కుట్ర ఉన్నదని నమ్మడానికి ముందుగా వేరే ఆధారం ఉండాలి, ఆ మాట ఉమ్మడి ఉద్దేశం గురించినదై ఉండాలి, కుట్ర సాగుతుండగా పలికినదై ఉండాలి. పని ముగిసి పట్టుబడ్డాక చెప్పిన మాటలు దాని కిందికి రావని, ఆంగ్లేయుల కాలంలో చివరి అప్పీలు కోర్టయిన ప్రివీ కౌన్సిల్ 1940లోనే, మిర్జా అక్బర్ కేసులో, చెప్పింది. కాబట్టి రిమాండ్ రిపోర్టులో ఎ-2 చెప్పినట్టు రాసిన నాలుగు పేర్లు ఇంకా కోర్టులో నిలబడిన సాక్ష్యం కాదు. మరునాడు పొద్దున మీ పేజీలో మాత్రం ఆ నలుగురూ అప్పటికే దోషులు.

శిక్షల విషయానికి వస్తే, చాలామంది అనుకుంటున్నట్టు కుట్రకు ఒకే శిక్ష లేదు. తలపెట్టిన నేరానికి మరణశిక్షో, యావజ్జీవమో, రెండేళ్లు లేదా అంతకు మించిన కఠిన కారాగారమో ఉంటే, కుట్రదారుణ్ణి ఆ నేరాన్ని ప్రేరేపించినవాడితో సమానంగా చూస్తారు. నేరం జరిగిపోతే అసలు నేరానికి ఎంతో దీనికీ అంతే. నేరం జరగకుండా ఆగిపోతే తగ్గుతుంది: మరణశిక్షకో యావజ్జీవానికో తగిన నేరమైతే ఏడేళ్ల వరకు, ఆ ప్రయత్నంలో ఎవరికైనా గాయమైతే పద్నాలుగేళ్ల వరకు, ఇతర కారాగార నేరాలకు సాధారణంగా గరిష్ఠ కాలంలో నాలుగో వంతు వరకు. అంతకంటే చిన్న విషయాలకు సంబంధించిన కుట్రకు ఆరు నెలలకు మించని జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఈ చిన్న తరగతి కేసును రాష్ట్ర ప్రభుత్వమో జిల్లా మేజిస్ట్రేటో లిఖితపూర్వకంగా సమ్మతించకుండా కోర్టు విచారణకు స్వీకరించడానికి లేదు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 217వ సెక్షన్‌లో ఉన్న ఈ అడ్డుకట్ట గురించి స్టేషన్లలో ఎవరూ చెప్పరు. పోలీసులు వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చా, బెయిల్ హక్కుగా దొరుకుతుందా అన్నది కూడా తలపెట్టిన అసలు నేరాన్ని బట్టే ఉంటుంది. ఒంటరిగా ఒక్కడి మీద కుట్ర నిలవదు. పేర్కొన్న మిగిలినవారంతా నిర్దోషులైతే, పేరు తెలియని మరొకరైనా ఉన్నారని రుజువు కానంతవరకు, ఆ మిగిలిన ఒక్కణ్ణి శిక్షించలేరు.

నల్లగొండ, సూర్యాపేట, పాలమూరు ప్రాంతాలలో హత్యల కంటే ఎక్కువమంది ఈ సెక్షన్‌కు చిక్కేది భూమి కాగితాల దగ్గర. హైదరాబాద్ నుంచి బాహ్యవలయ రహదారి, కొత్త రోడ్లు ఇటు పాకిన కొద్దీ ఎకరం ధర పెరిగి, ఊరు విడిచివెళ్లినవారి పట్టాల మీద కళ్లు పడ్డాయి. యజమాని స్థానంలో మరొకరిని తహసీల్దారు ముందు నిలబెట్టి రిజిస్టర్ చేయించే వ్యవహారంలో కనీసం నలుగురుంటారు: అమ్మినట్టు నటించేవాడు, కొన్నవాడు, ఈయనే ఫలానా పట్టాదారని గుర్తింపు చెప్పే సాక్షి, కాగితం రాసినవాడు. ఆస్తి పత్రాన్ని ఫోర్జరీ చేసే నేరానికి యావజ్జీవం దాకా ఉన్నది కనుక కుట్ర రుజువైతే వీరందరికీ అదే కొలత. అయితే సంతకం పెట్టిన ప్రతి సాక్షీ కుట్రదారు కాదు. తన ఎదుట ఫలానా మనిషి సంతకం చేశాడని చెప్పడం వరకే సాక్షి సంతకం పని. పత్రంలో ఏమున్నదో అతనికి తెలుసునని దాని వల్లనే అనుకోకూడదు. అదే మనిషి, ముక్కూ ముఖం తెలియనివాణ్ణి పట్టాదారుగా గుర్తుపట్టి, అందుకు డబ్బు పుచ్చుకొని ఉంటే, తెలియదన్న మాట నిలబడదు. ఐదు వందల కోసమో, మొహమాటానికో తహసీల్ ఆఫీసు ఆవరణలో గుర్తింపు సాక్షులుగా నిలబడే మనుషులు ఈ తేడా తెలుసుకోవలసి ఉన్నది. కమీషన్ ఆశకు బ్యాంకు ఖాతా, ఏటీఎం కార్డు, సిమ్ అప్పగించే కాలేజీ పిల్లల పరిస్థితీ దీనికి దగ్గరిదే. ఎవరో ఎక్కడో చేసిన సైబరు మోసం సొమ్ము తమ ఖాతాలో పడి మరుక్షణం వెళ్లిపోతుంటే, అది ఏమి డబ్బో అడగకుండా వాటా తీసుకున్న పిల్లవాడికి ఏమీ తెలియదని నమ్మించడం చాలా కష్టం.

తీర్పు రాకముందే పడే దెబ్బలు కూడా ఉన్నాయి. ప్రభుత్వ ఉద్యోగి 48 గంటలకు మించి కస్టడీలో ఉంటే సస్పెన్షన్‌లో ఉన్నట్టే లెక్క. పెండింగు కేసు ఉంటే పాస్‌పోర్టు నిరాకరించవచ్చు. ఉద్యోగ ధ్రువీకరణ ఫారంలో కేసు సంగతి అడిగినచోట దాచితే, అసలు కేసు కంటే ఆ దాచడమే ఎక్కువ నష్టం చేస్తుంది. ఒకప్పుడు కుట్ర సెక్షన్ ఉంటే చాలు, మనీ లాండరింగ్ చట్టం కింద ఈడీ కూడా రావచ్చన్న భయం ఉండేది. ఆ కుట్ర ఆ చట్టపు షెడ్యూలులో, అంటే దాని చివర ఇచ్చిన నేరాల జాబితాలో, ఉన్న నేరానికి సంబంధించినదైతేనే అది చెల్లుతుందని సుప్రీంకోర్టు 2023 నవంబరులో స్పష్టం చేసింది.

పేరు అన్యాయంగా చేరిందనుకునేవారు సాక్షుల విచారణ దాకా ఆగవలసిన పని లేదు. కోర్టు అభియోగాలు నమోదు చేయకముందే, తన మీద ఆధారం లేదని చూపి విడుదల కోరవచ్చు; సెషన్స్ కేసులలో కొత్త చట్టం ప్రకారం కేసు సెషన్స్‌కు అప్పగించిన నాటి నుంచి 60 రోజులలోగా ఈ దరఖాస్తు వేయాలి. పాత చట్టంలో ఈ గడువు లేనందువల్ల చాలామంది ఇంకా తీరికగా ఉంటున్నారు. ఫిర్యాదును ఉన్నది ఉన్నట్టు నమ్మినా ఒప్పందం కనిపించకపోతే, దానిని కొట్టివేయమని హైకోర్టును ఆశ్రయించే దారీ ఉన్నది. వకీలు ఫీజు లేనివారు, స్త్రీలు, ఎస్సీ, ఎస్టీ వర్గాలవారు, కస్టడీలో ఉన్నవారు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా వకీలును పొందవచ్చు. 15100 నంబరుకు ఫోన్ చేస్తే దారి చెబుతారు. కేసు నడుస్తుండగా పెద్దమనుషుల పంచాయితీలో 'పోనీ, నాకు తెలుసుననే రాసుకోండి' అని రాజీ కోసం సంతకం చేసే అలవాటును మాత్రం మానుకోవాలి. పోలీసుల ముందరి ఒప్పుకోలుకు ఉన్న రక్షణ, పది మంది పెద్దల ముందు రాసి ఇచ్చిన కాగితానికి ఉండదు.

మీకు నా విన్నపం ఇదే. కుట్ర సెక్షన్ ఉన్న వార్త రాసేటప్పుడు ఎవరు, ఎవరితో, ఏ పనికి ఒప్పుకున్నారని పోలీసుల ఆరోపణో ఒక్క వాక్యంలో రాయించండి. ఆ వాక్యం రాయడానికి విలేకరికి సమాచారం దొరకకపోతే, 'ఒప్పందం ఏమిటన్నది పోలీసులు వెల్లడించలేదు' అని రాసినా పాఠకుడికి మేలే. ఒప్పుకోలు గురించి రాస్తే అది పోలీసుల కథనమని స్పష్టంగా చెప్పండి. చివరగా, కేసు నమోదైన రోజు ఫోటోలతో, వరుస నంబర్లతో పేర్లు వేసిన ఎడిషన్‌లోనే, విడుదలైనప్పుడో కేసు కొట్టివేసినప్పుడో ఆ పేర్లను మళ్లీ వేయండి. జిల్లా కోర్టుల తీర్పులు ఈ-కోర్టుల వెబ్‌సైటులో కేసు నంబరుతో దొరుకుతున్నాయి కనుక, ఏడాదికి నాలుగు సార్లు మీ డెస్కులో ఒకరు పాత వార్తలను వాటితో సరిచూస్తే సరిపోతుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత కోర్టు ఉద్యోగి,
నల్లగొండ